పాఠకుల ప్రశ్నలు: పండుగ కానుకగా ఇంటి పచ్చడి

క్రిస్మస్, సంక్రాంతి దగ్గరపడుతున్నందున, ఇంట్లో పెట్టిన పచ్చళ్లను, చేతితో కుట్టిన వస్తువులను కానుకలుగా ఇవ్వడం గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అపార్టుమెంటులో 12 కుటుంబాలు ఉన్నాయి. ఏటా క్రిస్మస్‌కూ సంక్రాంతికీ దుకాణం నుంచి తెచ్చిన మిఠాయి డబ్బాలనే ఒకరికొకరం ఇచ్చుకుంటున్నాం. ఈ ఏడు నా చేతితో పెట్టిన పచ్చడి ఇవ్వాలని ఉంది. ఆవకాయ కాలం కాదు కదా, ఏది పెట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: వేసవిలో పెట్టిన ఆవకాయ మిగిలి ఉన్నా, డిసెంబరు నాటికి ముక్క మెత్తబడిపోతుంది కనుక కానుకగా ఇవ్వడానికి నేనైతే వెనుకాడతాను. చలికాలానికి చలికాలపు పచ్చళ్లు ఉండనే ఉన్నాయి. క్రిస్మస్‌కు నిమ్మకాయను, సంక్రాంతికి చింతకాయను పెట్టుకోండి.

నిమ్మకాయ తొక్క ఉప్పులో ఊరి మెత్తబడడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి, డిసెంబరు 25కు సీసా చేతికి అందాలంటే నవంబరు నెలాఖరుకు కాయలు ఉప్పులో పడాలి. కిలో కాయలను కడిగి, పొడిబట్టతో తుడిచి, నీడన ఆరబెట్టి, ముప్పాతిక వంతు కాయలను ముక్కలుగా కోసి, మిగిలిన వాటి రసాన్ని ఆ ముక్కల మీదే పిండి, 200 గ్రాముల ఉప్పు, ఒక చెంచా పసుపు కలిపి జాడీలో పెట్టండి. రోజుకొకసారి పొడి గరిటెతో అడుగు నుంచి పైకి కలుపుతూ ఉంటే, మూడో వారంలో తొక్క గోటితో నొక్కగానే దిగబడుతుంది. కారం, మెంతిపొడి అప్పుడే కలపాలి, ముందు కాదు. నెల ముందే కారం కలిపితే ఎరుపు తగ్గి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంట్లో తినేవాళ్లు దానిని పట్టించుకోకపోయినా, కానుక అందుకున్నవారు ముందుగా చూసేది రంగునే.

చింతకాయలకు డిసెంబరు మంచి అదను. గింజ ఇంకా ముదరని కాయలను ఏరుకుని, కడిగి, పూర్తిగా ఆరిన తర్వాత, కిలోకు 200 నుంచి 250 గ్రాముల కల్లుప్పు, తగినంత పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీలో అదిమి పెట్టండి. మూడో రోజు బయటికి తీస్తే తొక్కు మెత్తబడి, గింజలూ ఈనెలూ వేలికి విడిగా తగులుతాయి. వాటిని ఏరివేసి మళ్లీ ఒకసారి దంచి, గాలి మిగలకుండా అదిమితే ఏడాది పాటు నిలుస్తుంది. ఏరే పనికి కూర్చునే ముందు చేతికి కాస్త నూనె రాసుకోవడం మంచిది, ఆ పులుపుకు వేళ్ల చర్మం ఊడివస్తుంది. ఈ తొక్కును పోపు పెట్టకుండా అలాగే ఇవ్వమని నా సలహా. సంక్రాంతి వేళకు పండుమిరపకాయలు బజారులోకి వస్తాయి కనుక, తీసుకున్నవారు తమ ఇంటి కారానికి తగినట్లు నూరుకుని, అప్పటికప్పుడు ఇంగువ పోపు పెట్టుకుంటారు.

పచ్చడి మీ ఇంట్లో ఉన్నంతకాలం దాని కాపలా మీదే. జాడీకి వాసెన కడతారు, తడి చేయి తగలనివ్వరు. గడప దాటాక మాత్రం ఏ ఇంట్లో ఏ పిల్లవాడు పెరుగన్నంలో ఉన్న చెంచాను అలాగే తీసుకెళ్లి సీసాలో ముంచుతాడో మీకు తెలియదు. అందువల్ల కానుకగా ఇచ్చే పచ్చడిని ఆ తడి చెంచాకు కూడా తట్టుకునేలా పెట్టాలి. ఆరోగ్యం పేరుతో ఉప్పు తగ్గించవద్దు, తగ్గించదలిస్తే ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి ఇవ్వండి. అరకిలో సీసా ఒకటి ఇచ్చే బదులు, పది పదిహేను రోజుల్లో అయిపోయే 200 గ్రాముల సీసా ఇస్తే చెడిపోయే అవకాశమే తక్కువ. రేకు మూతలున్న సీసాలైతే ఉప్పుకూ పులుపుకూ మూత లోపలి పూత లేచి తుప్పు పడుతుంది కనుక, ప్లాస్టిక్ మూత లేదా గాజు మూత ఉన్నవి చూసుకోండి.

ప్రశ్న: నిరుడు జామ జెల్లీ చేస్తే పాకంలా జారిపోయింది. ఈసారి థర్మామీటరు కొని, పుస్తకంలో చెప్పినట్లు సరిగ్గా 105 డిగ్రీల వరకు మరిగిస్తే బంకలా సాగి పళ్లకు అంటుకుంటోంది. తప్పు ఎక్కడ జరిగింది? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: రెండో తప్పు మీది కాదు, మీ ఊరి ఎత్తుది. నీరు 100 డిగ్రీల వద్ద మరిగేది సముద్రమట్టంలో. హైదరాబాదు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడ 98 డిగ్రీలు దాటగానే మరుగుతుంది. నీరు మరిగే వేడికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువకు చేరినప్పుడు జెల్లీ కుదురుతుంది కాబట్టి, విశాఖపట్నంలో 105 అన్న లెక్క మీ వంటింట్లో 103 అవుతుంది. ఆ రెండు డిగ్రీల కోసం మీరు మరిగించినంత సేపూ నీరు ఆవిరై, పంచదార పాళ్లు పెరిగి, పాకం ముదిరిపోయింది. ముందు మామూలు నీటిని మరిగించి మీ థర్మామీటరు ఎంత చూపుతుందో రాసుకుని, దాని మీద లెక్క కట్టుకోండి.

నిరుటి సంగతికి వస్తే, జెల్లీ గడ్డకట్టడానికి పెక్టిన్ (పండులోనే ఉండి రసాన్ని గడ్డకట్టించే పదార్థం), పులుపు, పంచదార మూడూ తగిన పాళ్లలో ఉండాలి. బాగా పండిన జామపండుకు వాసన ఎక్కువ, పెక్టిన్ తక్కువ. మూడు వంతులు దోరకాయలు, ఒక వంతు పండ్లు తీసుకుంటే రెండూ కలిసివస్తాయి. ముక్కలు మునిగేవరకు మాత్రమే నీరు పోసి అరగంట సన్నసెగ మీద ఉడికించి, పలుచని బట్టలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. రసం తొందరగా దిగాలని మూటను పిండితే గుజ్జు దిగి, జెల్లీ మసకబారుతుంది. మిగిలిన గుజ్జును పారేయనవసరం లేదు, గింజలు వడకట్టి పంచదారతో దగ్గరపడేవరకు ఉడికిస్తే హల్వా ముక్కలవుతాయి, పిల్లలకు జెల్లీ కంటే అవే ఇష్టం.

దిగిన రసం లీటరుకు 750 గ్రాముల పంచదార, మూడు నిమ్మకాయల రసం చేర్చి పెద్ద మంట మీద మరిగించాలి. ఒకేసారి నాలుగైదు లీటర్లు పొయ్యి మీద పెడితే నీరు ఇగరడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపు మరిగిన పెక్టిన్ పట్టు వదిలేస్తుంది. నిరుడు మీరు పెద్ద గిన్నె పెట్టారని నా అనుమానం. పొయ్యి వెలిగించేటప్పుడే రెండు స్టీలు సాసర్లను ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పైకి లేచే బుడగలు చిన్నవి కాస్తా పెద్దవై, బరువుగా, నెమ్మదిగా పగలడం మొదలుపెట్టినప్పుడు మంట తగ్గించి, చల్లని సాసర్‌లో ఒక చుక్క వేసి నిమిషం ఆగి వేలితో తోయండి. చుక్క పైన సన్నని ముడతలు పడితే దించేయవచ్చు. వేలు వెళ్లిన దారి వెంటనే కలిసిపోతే ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ గిన్నె మంట మీద ఉండిపోతే, పరీక్ష పూర్తయ్యేలోగా పాకం ముదిరిపోతుంది. వేడినీటిలో మరిగించి ఆరబెట్టిన సీసాలలో వేడిగా ఉండగానే పోసి మూత బిగించండి.

ప్రశ్న: నేను ఇచ్చిన ఉసిరికాయ పచ్చడి మీద తెల్లని బూజు కట్టిందని మా ఆడపడుచు ఫోన్ చేశారు. పైన కట్టింది తీసేసి తినవచ్చునా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: తినవద్దని ఈ రోజే ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. బూజు పైన మాత్రమే కనిపించినా దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి, గరిటెతో తీసేస్తే పోయేది కాదు. మీరు కాయలను ఆవిరి మీద ఉడికించి ఉంటే, ఆ తేమ ఆరకముందే కారం కలిపి ఉంటారు. ఉడికిన కాయలను బట్ట మీద పరిచి తడి పోయేవరకు ఆరబెట్టడమో, నూనెలో మగ్గించడమో చేయాలి. సీసాలో పచ్చడి పైన వేలెడు మందం నూనె తేలి ఉండాలి, లేకపోతే గాలి తగిలిన ముక్కకే ముందు బూజు పడుతుంది.

ఇదే ఉత్తరంలో, పచ్చి వెల్లుల్లి రెబ్బలను ఒక్క నూనెలో వేసి అందమైన సీసాలలో ఇవ్వవచ్చునా అని కూడా అడిగారు. అది మాత్రం వద్దు. పులుపు లేని వెల్లుల్లి గాలి తగలని నూనెలో, బయటి వేడిలో ఉన్నప్పుడు బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే సూక్ష్మజీవి విషాన్ని తయారుచేయగలదు, దానికి వాసనా రుచీ మారనక్కర లేదు. మన పచ్చళ్లలో వెల్లుల్లి క్షేమంగా ఉండడానికి కారణం చుట్టూ ఉన్న ఉప్పు, పులుపు.

ప్రశ్న: సంక్రాంతి నోముకు మా ఇంట్లో 13 మందికి వస్తువులు పంచుతాం. ఏటా ప్లాస్టిక్ డబ్బాలే ఇస్తున్నాం. ఈసారి చేతితో చేసినవి ఇవ్వాలని ఉంది, కుట్టుమిషను కొద్దిగా వచ్చు. (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: కుట్టు కొద్దిగా వచ్చినవారికి నాడా సంచి కంటే సులువైనది లేదు. మీటరు పన్నాలో 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క ఒకటి తీసుకుంటే, 20 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉన్న ముక్కలు సరిగ్గా 10 వస్తాయి. ఒక్కొక్కదానిని మధ్యకు మడిచి, పక్కలు కుట్టి, పైన నాడా దూరేంత మడత కుడితే 200 గ్రాముల సీసా హాయిగా పట్టే సంచి అవుతుంది. రెండు జాకెట్టు ముక్కలతో 13 సంచులు పూర్తయి, పాడైన వాటికి బదులుగా మరో ఏడు మిగులుతాయి. పక్క కుట్లు వేసేటప్పుడు పైన మడతకు తగినంత జాగా వదలండి, అక్కడిదాకా కుట్టేస్తే నాడా దూరే దారి మూసుకుపోతుంది. కత్తిరించేముందు బట్టను ఒకసారి నానబెట్టి ఆరవేయడం మరవకండి. ఇళ్లలో మూలపడి ఉన్న పెట్టుబడి జాకెట్టు ముక్కలకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచడం లేదు.

సంచిలో పచ్చడి సీసా కూడా పెట్టదలిస్తే, పేరు, పెట్టిన తేదీ, తడి చెంచా వాడవద్దన్న మాట చిన్న కాగితం మీద రాసి సీసాకే అతికించండి. సంచికి కడితే ఆ రోజు సాయంత్రానికే సంచి పసుపుకొమ్ములకో, చిల్లర డబ్బులకో వెళ్లిపోతుంది, కాగితం కూడా దానితోపాటే పోతుంది.