నడుము నొప్పి తగ్గాక నడక మొదలుపెట్టడం గురించి

నమస్కారమండీ. నడుము నొప్పి తగ్గి రెండు వారాలైనా ఇంట్లో పెద్దవారు మంచం దిగవద్దంటున్నారని, నడిస్తే మళ్లీ పట్టేస్తుందేమోనని భయంగా ఉందని రాశారు. ఎముక విరగడం, ఇన్ఫెక్షన్ వంటి కారణమేదీ లేని మామూలు నడుము నొప్పికి రోజుల తరబడి పడుకోవడం మేలు చేయదు; కండరాలు బలహీనపడి, కోలుకోవడమే ఆలస్యమవుతుంది.

ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మీలాగే అప్పుడే కోలుకున్న 701 మందిపై జరిపి 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఫిజియోథెరపిస్టు సలహాతో నడక సాగించినవారికి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, ఏ చికిత్సా ఇవ్వనివారికి 112 రోజులే పట్టింది. వారి లక్ష్యం వారానికి ఐదుసార్లు, 30 నిమిషాల చొప్పున నడవడం. అదీ ఆరు నెలల్లో క్రమంగా చేరుకోవలసినది.

కాబట్టి మీరు చదునైన దారిలో పది నిమిషాలతో మొదలుపెట్టి, మరునాడు నొప్పి పెరగకపోతేనే వారం వారం కొంచెం పెంచండి. రోజుకు పదివేల అడుగులు నడవాలన్న లెక్క పక్కన పెట్టండి; అది 1960లలో జపాన్‌లో అమ్మిన పెడోమీటరు (అడుగులు లెక్కించే పరికరం) పేరు నుంచి వచ్చిన అంకె మాత్రమే.

కాలిలో బలం తగ్గినా, మర్మావయవాల చుట్టూ తిమ్మిరి వచ్చినా, మూత్రంపై అదుపు తప్పినా నడక ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.