ఎస్‌ఎంపీఎస్‌కు రెండు శాతం, అత్యవసర నిధికి పదమూడు రోజులు

ప్రశ్న: నా వయసు 24. ఉద్యోగంలో చేరి 14 నెలలైంది. చేతికొచ్చే జీతంలో 60 శాతం ఖర్చులకు పోతుంది, 40 శాతం మిగులుతుంది. విడిభాగాలు కొని, సొంతంగా గేమింగ్ కంప్యూటర్ బిగించుకోవాలన్నది నా చిరకాల కోరిక. జాబితా తయారు చేసుకున్నాను. మొత్తం ఖర్చు నా రెండున్నర నెలల జీతానికి సమానం. అత్యవసర నిధిగా ఒకటిన్నర నెలల జీతం దాచాను. అందులో చాలావరకు తీసి, తక్కినది 12 శాతం ఫ్లాట్ వడ్డీతో 18 నెలల వాయిదాల్లో కట్టాలనుకుంటున్నాను. గ్రాఫిక్స్ కార్డుల ధరలు పెరుగుతాయని అందరూ అంటున్నారు కాబట్టి ఇప్పుడే కొనడం మంచిదేనా? భాగాల ఎంపిక సరిగా ఉందా? బిగింపు నేనే చేసుకోవచ్చా?

జవాబు: ఈ ఆర్డరు పెట్టకండి. కంప్యూటర్ కొనవద్దని నేను అనడం లేదు. కష్టపడి సంపాదించిన డబ్బుతో ఇష్టమైన వస్తువు కొనుక్కోవడాన్ని తప్పుపట్టే అలవాటు నాకు లేదు. మీరు డబ్బు తెస్తున్న రెండు చోట్లూ తప్పు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఒకరు బైకు గురించి, ఒకరు కెమెరా గురించి, మరొకరు పెళ్లి ఖర్చు గురించి అడుగుతారు. వస్తువు మారుతుంది కానీ ఆలోచన మారదు: అత్యవసర నిధి అంటే ఊరికే పడి ఉన్న డబ్బు, కాబట్టి ముందు దాన్ని వాడేసుకుని తర్వాత నింపుకోవచ్చు. ఆ తర్వాత నింపినవారు నా అనుభవంలో చాలా అరుదు, ఎందుకంటే నింపాల్సిన నెలల్లోనే వాయిదా వచ్చి కూర్చుంటుంది.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం మీ జాబితాలోని ఒక వరుస. మొత్తాన్ని 100 అనుకుంటే గ్రాఫిక్స్ కార్డుకు 46, ప్రాసెసర్‌కు 18, మదర్‌బోర్డుకు 13, రంగు దీపాల క్యాబినెట్‌కు 7, లిక్విడ్ కూలర్‌కు 6, ర్యామ్‌కు 6, గేములు, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీకి 2 కేటాయించి, ఎస్‌ఎంపీఎస్‌కు మిగిలిన 2 పడేశారు. అన్ని భాగాలకూ కరెంటు పంచే పెట్టె అది. దానివల్ల ఆటలో ఒక్క ఫ్రేము కూడా పెరగదు, అద్దం లోంచి అందంగా కనిపించదు, స్నేహితులకు చూపించడానికి పనికిరాదు. కానీ అది చెడిపోతే ఒంటరిగా చెడిపోదు, ఒక్కోసారి 46 శాతం పెట్టి కొన్న కార్డును కూడా వెంట తీసుకుపోతుంది. మీ జీతంలో అత్యవసర నిధికి మీరు ఇచ్చిన చోటు, మీ కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్‌కు ఇచ్చిన చోటు ఒకటే కావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించలేదు.

మీరు పంపిన ఫోటోలో ఆ పెట్టె లేబుల్‌ను పెద్దది చేసి చూశాను. పైన పెద్ద అక్షరాల్లో 600 వాట్లు అని ఉంది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల లైనుకు ఎదురుగా 30 ఆంపియర్లు అని ఉంది. 12ను 30తో గుణిస్తే వచ్చేది 360 వాట్లు. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా ఆ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి కాబట్టి, మీరు కొంటున్నది ఆచరణలో 360 వాట్ల పెట్టె. మీరు ఎంచుకున్న కార్డు ఒక్కటే దానిలో చాలా భాగం తాగేస్తుంది. 80 ప్లస్ గుర్తు ఉందా అని కూడా చూడండి, అయితే ఆ గుర్తు ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే తప్ప, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు మిగతా భాగాలను కాపాడుతుందని హామీ ఇవ్వదు. అందువల్ల పేరున్న తయారీదారుది, కనీసం 5 ఏళ్ల వారంటీ ఉన్నది తీసుకోవాలి. ఎన్నేళ్లు బాధ్యత తీసుకుంటానని తయారీదారు రాసిచ్చాడో, ఆ పెట్టె మీద అతనికున్న నమ్మకం అంత అన్నమాట.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. సులువుగా ఉండేందుకు మీ నెల జీతాన్ని 100 అనుకుందాం. ఖర్చు 60, మిగులు 40, నిధి 150, జాబితా 250. నిధిలోంచి 120 తీసి 130కి వాయిదాలు పెట్టుకుంటానన్నారు. 12 శాతం ఫ్లాట్ అంటే 18 నెలలకు 130 మీద 23.4 వడ్డీ, నెలకు వాయిదా సుమారు 8.5. జీతంలో ఎనిమిదిన్నర శాతమే కదా అని మీకు అనిపిస్తుంది. జీతం వస్తున్నంత కాలం నిజంగానే అంతే. ఉద్యోగం పోయిన నెలలో ఏమవుతుందో చూడండి. ఇవాళ మీ దగ్గరున్న 150తో, నెలకు 60 ఖర్చుతో, 75 రోజులు గడపగలరు. ఆర్డరు పెట్టిన మర్నాటి నుంచి మీ దగ్గరుండేది 30, నెలకు కావలసింది వాయిదాతో కలిపి 68.5. అది 13 రోజులకు సరిపోతుంది. కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు రావడానికే 13 రోజులు చాలవు. ఆ తర్వాత క్రెడిట్ కార్డు గీకుతారు, కనీస బకాయి మాత్రమే కడతారు. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు మీద బకాయి అలాగే పేరుకుంటే ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆ దశలో అరకొర ధరకు అమ్ముకునే వస్తువుల్లో మొదటిది మీ గ్రాఫిక్స్ కార్డే అవుతుంది.

ఫ్లాట్ వడ్డీ అన్న మాట దగ్గర నాకు ఓపిక నశిస్తుంది. మీరు ప్రతి నెలా అసలులో కొంత తిరిగి కడుతూ ఉన్నా, వడ్డీని మాత్రం మొదటి రోజు మొత్తం మీదే 18 నెలలపాటు వేస్తారు. తగ్గుతున్న బకాయి మీద లెక్కగట్టి చూస్తే మీ 12 శాతం నిజానికి 21 శాతం దాటుతుంది. వడ్డీ లేని వాయిదా అని ఇంకొకరు ఆశ చూపితే, ఒకేసారి డబ్బు కట్టేవారికి ఇచ్చే తగ్గింపు మీకు ఎందుకు రాలేదో, ప్రాసెసింగ్ రుసుము ఎంతో అడగండి. వడ్డీ అక్కడ దాక్కుని ఉంటుంది. ఏటా విలువ కోల్పోయే వస్తువును 21 శాతం అప్పుతో కొనడం ఎవరి జీతానికీ క్షేమం కాదు.

ధరలు పెరుగుతాయన్న భయం విషయానికొస్తే, పెరగవచ్చు. 2021లో గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్, చిప్‌ల కొరత కలిసి గ్రాఫిక్స్ కార్డులు ప్రకటించిన ధరకు దొరకని రోజులు వచ్చాయి, ఇక ఎప్పటికీ తగ్గవని చెప్పినవారు అప్పుడూ ఉన్నారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతిని మార్చుకుని మైనింగ్‌కు స్వస్తి చెప్పేసరికి వాడేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో కుప్పలుగా వచ్చిపడ్డాయి. హెచ్చు ధర దగ్గర దీర్ఘకాలపు వాయిదాలు పెట్టుకున్నవారికి మాత్రం ఆ పతనం వల్ల ఒరిగిందేమీ లేదు. ధర పెరుగుతుందేమోనన్న భయానికి మీరు ఖాయంగా 23.4 వడ్డీ చెల్లించబోతున్నారు, అంటే వారం రోజుల జీతం.

మీ జాబితాను సగానికి తగ్గించవచ్చు, మీ ఆట ఏమీ తగ్గదు. మీరు ఎంచుకున్నది 4కే కోసం ఉద్దేశించిన కార్డు. మీ దగ్గరున్న మానిటర్ 1920 × 1080 పిక్సెళ్లది, సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపించలేనిది. 4కే తెర మీద పిక్సెళ్లు దానికి సరిగ్గా నాలుగు రెట్లు. ఆ పనికి సరిపడే కార్డు కొని మీరు ఈ మానిటర్ వెనక తగిలిస్తే, మీరు డబ్బిచ్చిన శక్తిలో చాలా భాగం మీ కంటికి చేరదు. కొత్త మానిటర్ కొంటానంటారేమో, అది జాబితాలో లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లేదు. మొదటిసారి బిగించేవారి జాబితాలు ఇలాగే పెరుగుతాయి, పెరిగినదంతా మళ్లీ కార్డు మీదకే పోతుంది.

ఇంకొక తప్పు డబ్బును నేరుగా నీళ్లలో పోసేది. మీ మదర్‌బోర్డు ఏఎం5 సాకెట్‌ది (సాకెట్ అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు), ర్యామ్ పాత తరం డీడీఆర్4. ఏఎం5 బోర్డులు కొత్త తరం డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. గాడి వేరుగా ఉంటుంది కాబట్టి బలవంతంగా దూర్చినా దిగదు. బోర్డు ఎంపిక మాత్రం బాగుంది, ఇది నేను మెచ్చుకుంటున్న ఒకే ఒక్క వరుస. 2022లో వచ్చిన ఈ సాకెట్‌ను 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ప్రాసెసర్ల తయారీ సంస్థ ఏఎండీ చెప్పింది. అంతకు ముందరి ఏఎం4 విషయంలో, 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్చుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకోగలిగారు. అయిదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోవడం ఏ తగ్గింపు అమ్మకం కన్నా పెద్ద ఆదా. లిక్విడ్ కూలర్ తీసేయండి, రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల ప్రాసెసర్‌కు పెట్టెలో వచ్చే కూలర్ చాలు. ఎస్‌ఎస్‌డీ మాత్రం పెంచాలి. ఒక్కొక్క పెద్ద గేమ్ 100 జీబీ దాటుతున్న రోజుల్లో మీరు రాసిన 250 జీబీ రెండు గేములతో నిండిపోతుంది.

ఇవన్నీ సర్దితే 250 కాస్తా 120 దగ్గరకు వస్తుంది: గ్రాఫిక్స్ కార్డు 45, ప్రాసెసర్ 22, మదర్‌బోర్డు 15, ర్యామ్ 12, ఎస్‌ఎంపీఎస్ 10, ఎస్‌ఎస్‌డీ 9, క్యాబినెట్ 7. ధరలను బట్టి ఇవి కొంత అటూ ఇటూ అవుతాయి, ర్యామ్ ధర ముఖ్యంగా. మొత్తం సగానికి తగ్గినా ఎస్‌ఎంపీఎస్‌కు కేటాయింపు 5 నుంచి 10కి పెరిగిందని గమనించండి. ఆ ఒక్క వరుసలో మాత్రం ఎవరు చెప్పినా తగ్గించకండి.

ఇక క్రమం. నిధిలోని 150ని ముట్టుకోకండి. ముందు నెలకు 40 చొప్పున పూర్తిగా నిధిలోకే వేసి దాన్ని 240కి, అంటే నాలుగు నెలల ఖర్చుకు తీసుకురండి. దానికి రెండు నెలల పైచిలుకు పడుతుంది. అక్కడి నుంచి 20 నిధికి, 20 కంప్యూటర్‌కు. సుమారు ఆరో నెలకు గ్రాఫిక్స్ కార్డు మినహా మిగతా అన్నిటికీ సరిపడే 75 చేతికి వస్తుంది. రైజెన్ 5 7600లో తెర మీద బొమ్మ చూపించేపాటి గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి కార్డు లేకుండానే కంప్యూటర్ నడుస్తుంది, పాత, తేలికపాటి ఆటలు సెట్టింగులు తగ్గించుకుంటే ఆడుకోవచ్చు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో ఆ సౌకర్యం ఉండదు, చూసుకోండి. ఎనిమిది నెలలు దాటి కొద్ది రోజులకు కార్డుకు కావలసిన 45 వస్తుంది, అదే సమయానికి నిధి కూడా 360కి, అంటే ఆరు నెలల ఖర్చుకు చేరుతుంది. మధ్యలో బోనస్ వస్తే సగం కంప్యూటర్‌కు తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఈ ఆరు నెలల్లో నెలకో భాగం కొని అటక మీద దాచుకోవాలన్న ఆలోచన మీకు తప్పకుండా వస్తుంది. వద్దు. వారంటీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది, వెనక్కి ఇచ్చే గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది. మొదటి నెల కొన్న మదర్‌బోర్డులో లోపం ఉందని తెలియాలంటే ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ కూడా చేతిలో ఉండాలి. అవి ఆరో నెలలో వచ్చేసరికి వెనక్కి ఇచ్చే గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. డబ్బు దాచండి, డబ్బాలు దాచకండి. 75 సమకూరాక అన్నీ ఒకే వారంలో తెప్పించి, వచ్చిన వారంలోనే బిగించి పరీక్షించండి.

ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. డిపాజిట్ మీద అప్పు, జీతం అడ్వాన్సు మీ 21 శాతం కన్నా చవకే అయినా ఈ వస్తువుకు అవి కూడా అనవసరం. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డును నడిపించి చూపిస్తేనే తీసుకోవచ్చు, సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎప్పుడూ వద్దు.

బిగింపు మీరే చేసుకోవచ్చు, దానికి ఎవరికీ డబ్బివ్వనవసరం లేదు. క్యాబినెట్‌లో పెట్టకముందే మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీద ఉంచి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్ పెట్టి ఒకసారి వెలిగించి చూడండి, లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. ర్యామ్ రెండు ముక్కలైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టమని చాలా బోర్డుల పుస్తకాలు చెబుతాయి, మీ బోర్డు పుస్తకం చూసి పెట్టండి. ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుళ్లు తప్ప ఇంకో దానివి వాడకండి. తల ఒకేలా ఉన్నా లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు, అప్పుడు దానికి తగిలించిన భాగం కాలిపోవచ్చు. చివరగా, గ్రాఫిక్స్ కార్డు వచ్చిన రోజు మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకు పెట్టడం మరిచిపోకండి. నా మొదటి కంప్యూటర్‌కు నేను మరిచిపోయి, ఆటలు నత్తనడక నడుస్తుంటే రెండు రోజులపాటు ఆ కొత్త కార్డును తిట్టుకున్నాను.