టెక్ సందేహాలు: కళ్లతో నవ్వే జపాన్ ముఖాలు

ప్రశ్న: మా అమ్మాయి వాట్సాప్‌లో (^_^), (;_;) లాంటివి పంపుతోంది. అవి ఎమోజీలు కావంటోంది. మరి ఎక్కడ దొరుకుతాయి? నేను కాపీ చేసి పంపితే ఒక్కోసారి సగం ముఖం మాయమైపోతోంది.
(ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఎమోజీ అంటే తయారుగా ఉన్న బొమ్మ. ఇవేమో బ్రాకెట్లు, గీతలు, చుక్కలు పేర్చి కట్టిన ముఖాలు. జపాన్‌లో వీటిని కావోమోజీ అంటారు. 1986లోనే అక్కడి ఆన్‌లైన్ సేవ ఆస్కీ నెట్‌లో (^_^) కనిపించింది. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ 1982లో సూచించిన :-) చూడాలంటే తల పక్కకు వాల్చాలి. జపాన్ ముఖానికి ఆ అవసరం లేదు, నిటారుగానే ఉంటుంది.

నాకు బాగా నచ్చే తేడా మరొకటుంది. :-) కాస్తా :-( అయినప్పుడు మారేది నోరు, కళ్లు అవే. కావోమోజీలో నోరు ఒక గీత, భావమంతా కళ్లదే. ^ ^ నవ్వు, ; ; కన్నీళ్లు, > < బాధతో గట్టిగా మూసుకున్న కళ్లు. హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన మసాకి యుకి, సహ పరిశోధకులు 2007లో ఇదే విషయం మీద అధ్యయనం ప్రచురించారు. ఎదుటివారి మనసు తెలుసుకోవడానికి జపనీయులు కళ్లకు, అమెరికన్లు నోటికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నారని అందులో తేలింది.

ఇక ఎక్కడ దొరుకుతాయంటే, ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్ ఉంటే ఎమోజీ బటన్ నొక్కి, :-) ఉన్న ట్యాబ్‌లోకి వెళ్లండి. విండోస్ 10, 11లో విండోస్ కీ, ఫుల్‌స్టాప్ కీ కలిపి నొక్కితే వచ్చే ప్యానెల్‌లో వీటికి విడిగా చోటుంది. ఐఫోన్‌లో జపనీస్ కానా కీబోర్డు జోడించుకుంటే ^_^ అనే కీ వస్తుంది. జపనీస్ రాకపోయినా పర్వాలేదు.

సగం మాయమవడానికి కారణం వాట్సాప్ ఫార్మాటింగ్. రెండు నక్షత్రం గుర్తుల మధ్య ఏముంటే దాన్ని బోల్డ్ చేసి, ఆ గుర్తులను దాచేస్తుంది. సిగ్గుపడే (*^_^*) ముఖంలో ఎర్రబడ్డ బుగ్గలు ఆ నక్షత్రాలే, అందుకే బుగ్గలు ఎగిరిపోతాయి. నక్షత్రాలు లేనివి ఎంచుకుంటే గొడవ ఉండదు.

ముఖం బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే అవతలి ఫోన్‌లో ఆ లిపి ఫాంట్ లేదని అర్థం. ఈ ముఖాలకు అవయవాలు ప్రపంచంలోని నానా లిపుల నుంచి వస్తాయి మరి. గుర్రుగా చూసే ప్రసిద్ధ ముఖానికి కళ్లు కన్నడ లిపిలోని ‘ఠ’. మన అక్షరంతో ఠ_ఠ అని రాసినా దాదాపు అదే చూపు!

ఒక్క విన్నపం. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌ ఎమోజీనైతే పేరు పెట్టి చదువుతుంది. కావోమోజీని చాలాసార్లు బ్రాకెట్, అండర్‌స్కోర్ అంటూ ముక్కలుగా చదువుతుంది. అలాంటివారు ఉన్న గ్రూపుల్లో పక్కన ఒక మాట కూడా రాయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కామిక్స్ ఉచితంగా, దొంగ సైట్ల జోలికి పోకుండా చదవొచ్చా? మాంగా మొదలుపెడితే డైలాగుల వరుసే అర్థం కావట్లేదు.
(డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: మాంగా అంటే జపాన్ కామిక్స్. వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. ప్రతి పేజీలో పైన కుడి మూలన మొదలుపెట్టండి, రెండు మూడు పేజీలకే కన్ను అలవాటు పడుతుంది. జపాన్ ప్రచురణ సంస్థ షుయేషా 2019లో తెచ్చిన మాంగా ప్లస్‌లో చాలా సిరీస్‌ల మొదటి, తాజా అధ్యాయాలు ఇంగ్లిష్‌లో ఉచితం. కొరియా సంస్థ నేవర్ వారి వెబ్‌టూన్‌లో అయితే పేజీలే ఉండవు, పై నుంచి కిందికి జరుపుకుంటూ పోవడమే. ఫోన్‌లో చదవడానికి ఇదే సుఖం.

సైన్స్, ప్రోగ్రామింగ్ ఇష్టమైతే ఎక్స్‌కేసీడీ (xkcd) అనే వెబ్ కామిక్ తప్పక చూడండి. నాసాలో పనిచేసిన రాండల్ మన్రో 2005 నుంచి గీస్తున్నారు. పుల్లల్లాంటి మనుషులే, కానీ ఆలోచన పదును. చాలామందికి తెలియనిదేమిటంటే, కంప్యూటర్‌లో బొమ్మ మీద మౌస్ కాసేపు ఆపితే దాగి ఉన్న ఇంకో వాక్యం బయటికొస్తుంది. చాలాసార్లు అసలు చమత్కారం అక్కడే ఉంటుంది. ఫోన్‌లో ఆ సైట్ మొబైల్ వెర్షన్ తెరిచి, బొమ్మతో పాటు ఉన్న ఆల్ట్ టెక్స్ట్ లింకు నొక్కండి.

దొంగ సైట్లలో గీసినవారికి పైసా రాదు. పైగా నకిలీ డౌన్‌లోడ్ బటన్ల టెన్షన్.

ప్రశ్న: కొత్త ఎపిసోడ్ వచ్చిందో లేదో రోజూ వెతకాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. చాలా కామిక్ సైట్లకు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే కొత్తగా పెట్టినవాటి జాబితా, ఉంటుంది. ఫీడ్లీ లాంటి యాప్‌లో సైట్ అడ్రస్ ఇస్తే కొత్తవన్నీ ఒకేచోటికి వచ్చి చేరతాయి.