తుంటి మార్పిడి ముందా, ఇంటి అప్పు తీర్చడం ముందా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. సొంతంగా బైకుల మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. సాయానికి ఒక కుర్రాడు ఉన్నాడు. మూడేళ్లుగా కుడి తుంటి నొప్పి. కీలు బాగా అరిగిపోయింది, మార్పిడి చేయించుకోమని డాక్టర్ అన్నారు. ఆరోగ్య బీమా తీసుకుని 14 నెలలైంది. కీళ్ల మార్పిడికి రెండేళ్లు ఆగాలని అందులో ఉంది. ఇంటి అప్పు వాయిదాతో కలిపి చూస్తే, మా నెల ఖర్చుకు 20 రెట్లు పొదుపు ఉంది. ఆసుపత్రి చెప్పిన అంచనా 8 నెలల ఖర్చంత. మిగిలిన పది నెలలూ మాత్రలతో నెట్టుకొచ్చి, ఈలోగా పొదుపులో నాలుగింట మూడు వంతులు ఇంటి అప్పుకు కట్టేయాలనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: అప్పు తీర్చేయాలన్న మీ తాపత్రయం అర్థమైంది. కానీ ఇప్పుడు మాత్రం అలా చేయకండి. ఇంటి అప్పుకు కట్టిన డబ్బు అవసరం వచ్చిందని అడిగితే తిరిగి రాదు. రేపు ఆపరేషన్‌కి డబ్బు చాలకపోతే వ్యక్తిగత రుణం తీసుకోవాలి, దాని వడ్డీ మామూలుగా ఇంటి అప్పు వడ్డీ కంటే ఎక్కువ. తక్కువ వడ్డీ అప్పు తీర్చి ఎక్కువ వడ్డీ అప్పు తెచ్చుకున్నట్టవుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇంకొకటి ఉంది. నొప్పి మూడేళ్లుగా ఉంది, పాలసీ వయసు 14 నెలలు. అంటే పాలసీ తీసుకునేనాటికే నొప్పి ఉంది. పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తులో, అంటే ప్రపోజల్ ఫారంలో, ఆ సంగతి రాశారా? ఏజెంటు ఫారం నింపితే మీరు సంతకం మాత్రమే పెట్టారా? ముందు నుంచి ఉన్న జబ్బులకు చాలా పాలసీల్లో వేరే గడువు ఉంటుంది, అది కీళ్ల మార్పిడి గడువు కంటే ఎక్కువ కూడా కావచ్చు. నొప్పి సంగతి దాచారని తేలితే క్లెయిమే తిరస్కరించవచ్చు. పది నెలలు నొప్పి భరించి, చివరికి ‘ఇది పాత జబ్బు’ అన్న మాట వినాల్సి రావడం కంటే ఘోరం ఉండదు. అందుకే ఈ వారమే ఫారం నకలు తీసి చదవండి. సంస్థను లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఫోన్లో ఎవరో ‘వస్తుందిలెండి’ అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ జవాబు వచ్చేదాకా బీమా నుంచి ఏమీ రాదనుకునే లెక్క వేద్దాం.

ఆసుపత్రికి 8 నెలల ఖర్చు. అందరూ లెక్క అక్కడితో ఆపేస్తారు. మా అమ్మకు తుంటి మార్పిడి జరిగినప్పుడు నేనూ అక్కడే ఆగాను. బిల్లు కట్టడం కష్టమనిపించలేదు, ఆ తర్వాతి నెలలే కష్టమయ్యాయి. ఇంట్లో ఎవరో ఒకరు పని మానుకుని పక్కన ఉండాల్సి వచ్చింది.

ఆపరేషన్ అయిన రోజో మర్నాడో లేపి నిలబెడతారు. చాలామంది కొద్ది రోజుల్లోనే ఇంటికి వచ్చేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు వాకరో చేతికర్రో కావాలి. కూర్చుని చేసే ఉద్యోగమైతే ఆరు వారాలకు వెళ్లవచ్చు. మీది అలాంటి పని కాదు. వంగడం, గొంతుక్కూర్చోవడం, బండిని ఎత్తడం ఉంటాయి. ఇలాంటి పనికి మూడు నెలలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. పూర్తి బలం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది. ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టి మొదటి కొన్ని వారాలు మోకాలిని నడుం కంటే పైకి మడవకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని చెప్పవచ్చు. రోజూ కింద కూర్చుని పనిచేస్తానన్న సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పండి. తర్వాత ఏ పని చేయవచ్చో ముందే తెలిస్తే షెడ్డు ఎలా నడపాలో నిర్ణయించుకోవచ్చు.

కాబట్టి షెడ్డు నుంచి మీకేమీ రాకపోయినా ఇల్లు గడిచేలా 3 నెలల ఖర్చు పక్కన పెట్టండి. వాకర్, ఎత్తు కమోడ్ సీటు, ఫిజియోథెరపీ, సాయంగా ఉండే మనిషికి ఇంకో నెల. ఆసుపత్రి బిల్లు బీమా కట్టినా, వీటిలో చాలా వాటికి చెల్లించదు. ఇంకో నెల ఖర్చు ఎవరూ ముట్టుకోకుండా ఉంచాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా ‘రేపు చూద్దాం’ అనుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పరిగెత్తడానికి ఆ డబ్బు. రక్తం గడ్డకట్టడం, ఇన్‌ఫెక్షన్ అరుదే, కానీ ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తాయి.

మొత్తం 13 నెలల ఖర్చు అయింది. మీ దగ్గర 20 ఉంది. అంటే బీమా పైసా ఇవ్వకపోయినా మీరు ఈ ఆపరేషన్ చేయించుకోగలరు, పైగా 7 నెలల ఖర్చు మిగులుతుంది. మీరు అనుకున్నట్టు అప్పుకు కట్టేసి ఉంటే చేతిలో 5 నెలలదే ఉండేది, ఆసుపత్రికే చాలేది కాదు.

ఇక పది నెలలు ఆగాలా వద్దా అన్నది. అరుగుదలకు చేసే తుంటి మార్పిడి సాధారణంగా అత్యవసరం కాదు, తేదీ మనమే ఎంచుకోవచ్చు. బీమా సంస్థ ‘గడువు దాటాక చెల్లిస్తాం’ అని రాసిస్తే, ఆగవచ్చని సర్జన్ కూడా అంటే, ఆగడంలో తప్పులేదు. కానీ రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా? సాక్సు తొడుక్కోవడానికి కూడా కాలు మడవలేకపోతున్నారా? రోజూ మాత్ర లేనిదే షెడ్డు తెరవలేకపోతున్నారా? అయితే నేను ఆగమనను. నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతినవచ్చు, రక్తపోటు పెరగవచ్చు. కుంటుతూ నడిచే కొద్దీ తొడ కండరాలు సన్నబడతాయి, తర్వాత కోలుకోవడం కష్టమవుతుంది. మీ సంపాదనంతా ఆ కాళ్ల మీదే ఉంది, అవి ఎంత బాగా తిరిగొస్తాయన్నదే నా దృష్టిలో పెద్ద లెక్క.

ఆగినా ఆగకపోయినా ఈ రోజులు వృథా చేయకండి. ఫిజియో దగ్గర తొడ, పిరుదు కండరాలకు వ్యాయామాలు నేర్చుకోండి. పొగతాగే అలవాటుంటే మానండి, గాయం మానడానికి అది అడ్డు. షుగర్, రక్తహీనత ఉన్నాయేమో చూపించుకోండి, పంటి ఇన్‌ఫెక్షన్ ఉంటే ముందే బాగుచేయించుకోండి.

ఖరీదైన ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) కావాలా అని ఆసుపత్రిలో అడగవచ్చు. ధర చూసి తేల్చకండి, ఆ మోడల్ ఎన్నేళ్లుగా వాడుకలో ఉంది, ఎందరికి మళ్లీ మార్చాల్సి వచ్చింది అని సర్జన్‌ని అడగండి. తుంటి మార్పిడి చేయించుకున్న ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి అది 25 ఏళ్లు నిలిచిందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. మీకు అది 82 ఏళ్ల వయసు. అందుకే రెండోసారి మార్పిడికి ఇప్పటి నుంచే డబ్బు కట్టిపెట్టక్కర్లేదు. ఎడమ తుంటి ఎక్స్‌రే ఎలా ఉందో మాత్రం అడగండి. అదీ అరుగుతూ ఉంటే మిగిలిన 7 నెలల డబ్బు దానికే ఉంచాలి. లేదంటే మీరు మళ్లీ పనిలోకి వచ్చి మూడు నెలల సంపాదన చూశాక అందులో కొంత ఇంటి అప్పుకు కట్టండి, అప్పుడు నాకూ అభ్యంతరం లేదు.

షెడ్డు సంగతి. ఆ కుర్రాడికి పెద్ద పనులు ఇప్పుడే నేర్పండి. ఆ మూడు నెలలు జీతం కాక వచ్చినదాంట్లో వాటా ఇస్తానని చెప్పండి, తాళం వేసి ఖాతాదారులను పోగొట్టుకోవడం కంటే అది చవక. రావాల్సిన బాకీలు ఆపరేషన్‌కి ముందే వసూలు చేసుకోండి, వాకర్‌తో తిరిగి అడగలేరు.