పాత వాయిద్యాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మా తాత కాజీపేట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేసేవాడు. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఆయనకు ఆరు పలకల చిన్న వాయిద్యం ఇచ్చి వెళ్ళాడట. మధ్యలో తిత్తి, ఒక్కో వైపు పది బొత్తాలు, చేతికి తోలు పట్టీలు. దాన్ని కన్సర్టీనా అంటారని ఈమధ్యే తెలిసింది. లేబుల్‌ని పురుగు తినేసింది. పేరు చివర ‘అండ్ కో’, దాని కింద బి, ఓ, ఆర్, ఎన్ అనే నాలుగక్షరాలు, పక్కన డబ్ల్యూ.సి. అని మాత్రమే మిగిలాయి. వందేళ్ళ పైదని ఇంట్లో అంటారు. ఎవరు చేశారో, ఎప్పటిదో ఎట్లా తెలుస్తుంది? బాగుచేయించి వాయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. ఇప్పుడే ఎవరి చేతికీ ఇవ్వకండి. హన్మకొండలో నా దుకాణానికి వచ్చేవి ఎక్కువగా హార్మోనియంలే, కన్సర్టీనా ఎప్పుడో గాని రాదు. వచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు రీడ్లను, అంటే గాలికి అదిరి స్వరం పలికే సన్నటి లోహపు రేకులను, గరుకు కాగితంతో రుద్దేసి తెస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. రీడు అరిగితే శృతి పోతుంది, దాని వయసు చెప్పే ఆధారం కూడా దాంతోనే పోతుంది.

మీ లేబుల్ చిరిగినా చాలా చెప్తోంది. లండన్‌ను తపాలా కోసం డబ్ల్యూ.సి., ఇ.సి. వంటి అక్షరాలతో విభాగాలు చేసింది 1857–58లో. ఆ అక్షరాల పక్కన 1, 2 అని అంకెలు చేర్చింది 1917లో. మీ లేబుల్ మీద డబ్ల్యూ.సి. పక్కన కాగితం చిరగకుండా ఖాళీగానే ఉంటే, అది 1857కు ముందుది కాదు, 1917 తర్వాతదీ కాకపోవచ్చు. ఇటువైపు హద్దు మాత్రం అంత గట్టిది కాదు. అచ్చువేసిన పాత లేబుళ్ళు అయిపోయేదాకా వాడుకునే దుకాణాలు ఎక్కడైనా ఉంటాయి కాబట్టి 1917 తర్వాత కొన్నేళ్ళు కలుపుకోండి.

ఇక ఆ నాలుగక్షరాలు. డబ్ల్యూ.సి. విభాగంలో అట్లా ముగిసే పెద్ద వీధి హై హోల్‌బోర్న్. నా అంచనా అదే. ఆనాటి పోస్టాఫీస్ లండన్ డైరెక్టరీలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. వాటిలో వీధుల విభాగం వేరుగా ఉంటుంది. ఏ ఇంటి నంబరులో ఎవరున్నారో, ఏ వ్యాపారం చేశారో వరసగా రాసి ఉంటుంది. మీ దగ్గర పేరు లేదు కాబట్టి పేరుతో వెతికి లాభం లేదు, వీధి పట్టుకుని నడవండి. వాయిద్యాల వ్యాపారి, పేరు చివర ‘అండ్ కో’ ఉన్నవాడు ఎవరో చూడండి. దొరికితే అయిదేళ్ళు ముందుకీ వెనక్కీ డైరెక్టరీలు తిప్పండి. ఆ దుకాణం ఆ చిరునామాకు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అన్నది బయటపడుతుంది. పెద్దగా పేరులేని తయారీదారుల చరిత్ర ఎక్కువగా ఇట్లాగే దొరుకుతుంది. భాగస్వాములు విడిపోయినా, దివాలా తీసినా లండన్ గెజిట్ అనే ప్రభుత్వ పత్రికలో ప్రకటన వచ్చేది, అదీ ఉచితంగానే చూడొచ్చు.

అయితే లేబుల్ మీద పేరున్నవాడే తయారుచేశాడని నమ్మకండి. వాయిద్యాలమ్మే దుకాణాలు వేరేవాళ్ళ దగ్గర కొని తమ పేరు అతికించి అమ్మేవి. లండన్‌లో లాచెనాల్ కంపెనీ ఇట్లా ఎంతోమందికి చేసిచ్చింది. అది 1930లలో మూతపడింది, దాని రిజిస్టర్లు మిగల్లేదు. కన్సర్టీనాలు చేసిన మరో కంపెనీ వీట్‌స్టన్ రిజిస్టర్లు మాత్రం చాలావరకు మిగిలి, లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని ఇంటర్నెట్‌లో కూడా చూడొచ్చు. వీట్‌స్టన్‌ది అయితే నంబరు పట్టుకుని తారీఖే చెప్పొచ్చు. చిన్నవాళ్ళది అయితే వాయిద్యాన్నే చదవాలి.

ముందు ఒక బొత్తాం నొక్కి తిత్తి లాగండి, అదే బొత్తాంతో మూయండి. రెండు వేర్వేరు స్వరాలు వస్తే అది ‘ఆంగ్లో’ అనే రకం. ఇరవై బొత్తాలు, తోలు పట్టీలు అంటున్నారు కాబట్టి అదే అయి ఉండాలి. తర్వాత ఒక వైపు మూత విప్పండి. ఆరు పొడవాటి బోల్టులుంటాయి. అట్టముక్కకు ఆరు రంధ్రాలు పొడిచి, ఏ మూల బోల్టు ఆ మూలనే గుచ్చి పెట్టండి. పాత చెక్కలో ఏ బోల్టు దాని రంధ్రానికే అలవాటు పడి ఉంటుంది, తారుమారైతే మర చెడుతుంది. లోపల రీడ్ల పలక తీస్తే అసలు సంగతి కనిపిస్తుంది. ప్రతి రీడూ వేరుగా చిన్న ఇత్తడి చట్రంలో ఉండి, ఆ చట్రం చెక్క గాడిలోకి జారి బిగిసి ఉంటే అది ఇంగ్లండ్ పనితనం. పొడవాటి లోహపు పట్టీ మీద చాలా రీడ్లు వరసగా బిగించి ఉంటే జర్మన్ పనితనం. కన్సర్టీనా జర్మనీలోనూ పుట్టింది, 1834లో కెమ్నిట్జ్‌లో ఊలిగ్ అనే ఆయన చేశాడు. లండన్ దుకాణాల్లో జర్మన్ సరుకు కూడా అమ్ముడయ్యేది.

పలక మీద, తిత్తి చట్రం లోపలి అంచున నంబరు గుద్ది ఉంటుంది. కుడి, ఎడమ రెండూ చూసి ఒకటేనా అని పోల్చుకోండి. వేరుగా ఉంటే రెండు వాయిద్యాలు కలిపి ఒకటి చేశారన్నమాట. పెన్సిల్ రాతలు కనిపిస్తే తుడవకండి. లోపల అతికించిన కాగితం మీద తారీఖు ఉంటే, అది రిపేరు తారీఖే కావచ్చు. రీడ్లు ఇత్తడివా ఉక్కువా చూడండి. ఇత్తడి కనబడగానే చాలా పాతదని తేల్చకండి, చౌక రకాల్లో ఇత్తడి చాలాకాలం వాడారు.

శృతి కూడా సాక్ష్యమే. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ప్రతి స్వరం రాసుకోండి. అప్పటి బ్రిటన్‌లో ‘ఎ’ స్వరం సెకనుకు 452 కంపనాల దగ్గర ఉండేది, ఇప్పటి 440 ప్రమాణం 1939లో కుదిరింది. అన్నీ ఒకే తీరుగా అర మెట్టులో, అంటే పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న తేడాలో, దాదాపు సగం ఎక్కువ పలికితే, ఆ శృతిని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఇప్పటి హార్మోనియంతో కలవదు. కలవాలని రీడ్లు గీకించకండి. బ్యాండ్లు ఆ ఎత్తు శృతిని ఇరవయ్యో శతాబ్దంలోనూ వదల్లేదు కాబట్టి ఏడాది మాత్రం దీన్నిబట్టి చెప్పలేం.

వందేళ్ళ పైదన్న మీ ఇంటి మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ. తిత్తి మూలల్లో గాలి కారుతుంటే సన్నటి తోలు అతికించి వాయించుకోవచ్చు. రోహిణి కార్తెలో అటక మీద మాత్రం పెట్టకండి, రీడ్ల పలక పగులుతుంది.

ప్రశ్న: చిందు మేళంలో మా నాన్న వాయించిన హార్మోనియం మీద ‘ప్యారిస్ రీడ్స్’ అని ఉంది. ఫ్రాన్స్‌లో తయారైందా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: రీడ్లు అక్కడివి కావచ్చు, పెట్టె ఇక్కడిదే తమ్ముడూ. హార్మోనియం 1840లలో ప్యారిస్‌లో డెబెయిన్ అనే ఆయన పేటెంట్ చేసిందే, కానీ అది కాళ్ళతో తొక్కేది. కింద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టే పెట్టెను పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ రూపొందించాడు. మనవాళ్ళు విదేశీ రీడ్లు తెప్పించి పెట్టెలు చేసేవాళ్ళు. ఇప్పుడు గుజరాత్‌లోని పాలిటానా రీడ్లు వస్తున్నాయి. మెట్ల కింది రీడ్ల మీద అక్షరాలు ఏమైనా గుద్ది ఉన్నాయేమో చూసి, దగ్గరగా ఫొటో తీసి పంపు.