ఈ-రీడర్ చిన్నదా, పెద్దదా?

ప్రశ్న: నా వయసు 63. టీచర్‌గా రిటైరయ్యాను. బైఫోకల్ అద్దాలు వాడతాను, షుగర్‌కు మాత్రలు వేసుకుంటున్నాను. పాత నవలలు, వారపత్రికలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఫోన్‌లో చదువుతుంటే కళ్లు మండుతున్నాయి. కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి కూడా వస్తోంది. మా అబ్బాయి ఈ-రీడర్ (పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పలక లాంటి పరికరం) కొనిస్తానంటున్నాడు. 6 అంగుళాలదా, 10 అంగుళాలదా? ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివేవి స్కాన్ పీడీఎఫ్‌లు కాబట్టి 10 అంగుళాలదే తీసుకోండి. కాకపోతే దాన్ని చేత్తో పట్టుకుని చదవకండి.

ఈ-బుక్‌గా కొన్న పుస్తకంలో అక్షరాన్ని మనకు కావలసినంత పెంచుకోవచ్చు, వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. అలాంటివే చదివేవాళ్లకు చిన్నది చాలు. స్కాన్ చేసిన పేజీ మాత్రం ఫొటో లాంటిది. 6 అంగుళాల తెర వెడల్పు దాదాపు 9 సెంటీమీటర్లే. వారపత్రిక పేజీ అందులో సగానికి సగం కుంచించుకుపోతుంది. మన లిపిలో వత్తులు అసలే చిన్నవి, ఆ సైజులో అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పెద్దది చేసుకుంటే ప్రతి వరుసకూ పేజీని అటూ ఇటూ జరపాలి. ఆ పని చేసేది నొప్పి ఉన్న మీ బొటనవేలే.

ఇక బరువు. చిన్నది సుమారు 160 గ్రాములుంటే పెద్దది 400 దాకా ఉంటుంది, కవరుతో ఇంకా ఎక్కువ. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, పిడికిలి బిగించి, మణికట్టును చిటికెన వేలి వైపు మెల్లగా వంచి చూడండి. మణికట్టు పక్కన చురుక్కుమంటే అక్కడి స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే పోగుల) దగ్గర వాపు ఉండొచ్చు. కొన్నాళ్లు ఆ వేలికి విశ్రాంతినివ్వండి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించండి.

రీడర్‌ను స్టాండు మీద పెట్టుకోండి, కానీ కళ్లకు ఎదురుగా ఎత్తులో వద్దు. చాలామంది చేసే పొరపాటిది. మీ అద్దాల్లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చదవాల్సి వస్తుంది, అప్పుడు మెడనొప్పి మొదలవుతుంది. ఒళ్లో దిండు వేసుకుని దానిమీద ఏటవాలుగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. కళ్లకు ఒక మూరెడు దూరం ఉంటే చాలు.

ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర కాగితంలా ఉంటుంది, ఫోన్ వెలుగులా కళ్లల్లోకి కొట్టదు. అయినా లీనమై చదివేటప్పుడు ఏ తెర ముందైనా, ఆ మాటకొస్తే పుస్తకం ముందైనా, రెప్పలు తక్కువగా వేస్తాం. కళ్లు పొడిబారి మండేది అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరానికి 20 సెకన్లు చూడండి, రెప్పలు ఆర్పండి. మంట తగ్గకపోతే సొంతంగా చుక్కల మందులు కొనుక్కోకుండా కంటి డాక్టర్‌కు చూపించండి.

షుగర్ హెచ్చుతగ్గుల్లో ఉంటే అద్దాల పవర్ కూడా మారుతుంటుంది. అందుకే షుగర్ అదుపులో ఉన్నప్పుడే పవర్ చూపించుకోండి. ఏడాదికోసారి చేయించుకోవాల్సిన రెటీనా పరీక్ష ఈ ఏడు ఇంకా కాకపోతే, రీడర్ కొనేలోపే అదీ చేయించుకోండి.