సమ్మెట దెబ్బ కనబడిన తరువాతే చప్పుడు వినబడుతుందెందుకు?

కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో దూరాన ఒకరు సమ్మెట వేస్తే, దెబ్బ ముందు కనబడి, చప్పుడు ఆలస్యంగా ఎందుకు వినబడుతుందని అడిగారు.

సమ్మెట తాకగానే రాయి కంపించి, తనను ఆనుకున్న గాలి పొరను నెడుతుంది. ఆ పొర ఒత్తుకొని పక్క పొరను నెట్టి, మళ్లీ సడలుతుంది. ఇలా సంపీడనాలు (గాలి ఒత్తుకున్న చోట్లు), విరళీకరణాలు (సడలిన చోట్లు) ఒకదాని వెంట ఒకటి సాగిపోవడమే ధ్వని తరంగం. గాలి కణాలు ఉన్నచోటనే ముందుకూ వెనక్కూ ఊగుతాయి తప్ప మీ చెవి దాకా ప్రయాణించవు. చేరేది శక్తి మాత్రమే.

వెలుతురు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి దాని సమయం లెక్కలోకి రాదు. ధ్వని వేగమైతే 0 డిగ్రీల గాలిలో సెకనుకు 331 మీటర్లు. డిగ్రీకి దాదాపు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతూ, 42 డిగ్రీల కడప ఎండలో సుమారు 356 మీటర్లవుతుంది. అంటే 700 మీటర్ల అవతల పడిన దెబ్బ రెండు సెకన్లకు వినిపిస్తుంది. గట్టి బండలో ధ్వని అంతకు ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కనుక, అదే బండకు చెవి ఆనించినవారికి ఒకే దెబ్బ ముందు రాతిలో నుంచి, తరువాత గాలిలో నుంచి, రెండుసార్లు వినిపించవచ్చు.